ఇంగ్లిష్‌లో సమయం అడగడానికి ‘వెన్’ ఒక్కటే సరిపోతుందా?

సరిపోదు. ఎప్పుడు, ఎంతసేపు, ఎప్పటి నుంచి అన్నిటికీ నోట్లోంచి ‘వెన్’ ఒక్కటే వస్తోంది, మిగతావి ఎక్కడ వాడాలి అని అడిగారు. కొత్తగా చేరినవాళ్లకు కస్టమర్లతో ఇంగ్లిష్‌లో ఫోన్ మాట్లాడటం నేర్పడం నా ఉద్యోగంలో ఒక భాగం కాబట్టి ఈ ఇబ్బంది రోజూ వింటూనే ఉంటాను. గ్రామర్ జోలికి పోకుండా వాళ్లకు ముందు చెప్పేది ఒకటే: నోరు తెరిచేముందు మీకు ఎలాంటి జవాబు కావాలో చూసుకోండి. ప్రశ్న దాన్నిబట్టి వస్తుంది.

రోజో, తేదీయో తెలిస్తే చాలు అనుకుంటే వెన్. గంట కావాలంటే వాట్ టైమ్. “వెన్ ఈజ్ ద మీటింగ్?” అంటే అవతలివాళ్లు “టుమారో” అని ఊరుకోవచ్చు, తప్పేం లేదు. “వాట్ టైమ్ ఈజ్ ద మీటింగ్?” అంటే మూడున్నరో, నాలుగో చెప్పాల్సిందే. ఎన్నాళ్లకోసారి అన్నదానికి హౌ ఆఫెన్. వీటితో పెద్ద పేచీ లేదు, వారం వాడితే అలవాటైపోతాయి.

అసలు చిక్కంతా హౌ లాంగ్ దగ్గరే. “సిన్స్ హౌ లాంగ్ ఆర్ యూ వర్కింగ్ హియర్?” అని మనలో చాలామంది అంటారు. ‘ఎప్పటి నుంచి’లోని ఆ ‘నుంచి’ని వదల్లేక సిన్స్ తగిలిస్తారు. అక్కర్లేదు. “హౌ లాంగ్ హావ్ యూ బీన్ వర్కింగ్ హియర్?” అంటే ‘నుంచి’ కూడా అందులోనే వచ్చేసింది.

ఆ ‘హావ్ బీన్’ని మింగేస్తే అర్థమే మారిపోవచ్చు. పని మీద వేరే ఆఫీసు నుంచి వచ్చినాయన్ని “హౌ లాంగ్ ఆర్ యూ హియర్ ఫర్?” అని అడిగితే, ఎన్నాళ్లు ఉంటారని అడిగినట్టు. ఆయన “టిల్ ఫ్రైడే” అంటాడు. “హౌ లాంగ్ హావ్ యూ బీన్ హియర్?” అంటే వచ్చి ఎన్నాళ్లయిందని. దానికి “సిన్స్ మండే” అనో “ఫర్ త్రీ డేస్” అనో అంటాడు. మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. “సిన్స్ త్రీ డేస్” అనకూడదు, మనవాళ్ల నోట మాత్రం ఎక్కువగా వినిపించేది అదే.

మరి “సిన్స్ వెన్?” అనకూడదా అంటే, అనొచ్చు, గ్రామర్ ప్రకారం తప్పు లేదు. కానీ గొంతు కాస్త తేడా వచ్చిందంటే ‘ఇదెప్పటి నుంచి బాబూ!’ అని ఎద్దేవా చేసినట్టు ఉంటుంది. స్నేహితుల దగ్గర సరదాగా బాగుంటుంది. కస్టమర్ దగ్గర, పై అధికారి దగ్గర వద్దు, హౌ లాంగ్‌తోనే అడగండి.

‘ఎప్పటికల్లా కావాలి’ అనడానికి “బై వెన్ డు యూ నీడ్ ఇట్?” అన్నా అర్థమవుతుంది. మాటల్లో “వెన్ డు యూ నీడ్ ఇట్ బై?” అని బై చివరికి పోతే ఇంకా సహజంగా ఉంటుంది. మీకే తొందరగా ఉంటే “హౌ సూన్ కెన్ యూ సెండ్ ఇట్?” అనండి. తొందరపెట్టినట్టు తెలుస్తుంది, మర్యాదా పోదు.

ఇంకొకటి, మాటల వరుస. “వెన్ యూ విల్ కాల్?” కాదు, “వెన్ విల్ యూ కాల్?”. అయితే మర్యాద కోసం ముందు “కుడ్ యూ టెల్ మీ” చేర్చారా, వరుస మళ్లీ తిరగబడుతుంది: “కుడ్ యూ టెల్ మీ వెన్ యూ విల్ కాల్?”. మొదటిది బాగా నోటికెక్కాకే ఈ రెండోది మొదలుపెట్టండి. రెండూ ఒకేసారి పట్టుకుంటే ఏది ఎక్కడో తేలక మాట మధ్యలో ఆగిపోతారు.