ఆ డోర్‌మ్యాట్ సంగతి

ప్రియమైన తమ్ముడికి,

నీ హత్యల కామెడీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. ఆరు హత్యలు, హత్యకో జోకు. నాకు నవ్వొచ్చింది మాత్రం ఒక్కచోటే. హత్యలు చేసే నీ కథానాయిక శవాన్ని గ్యారేజీలోకి ఈడ్చుకెళ్తూ మధ్యలో ఆగి, కాలితో డోర్‌మ్యాట్ సరిచేస్తుంది చూడు, అక్కడ. ఆ చోట నువ్వు జోకేమీ రాయలేదు.

జాన్ వాటర్స్ 1994లో తీసిన 'సీరియల్ మామ్' మళ్లీ చూడు, ఈసారి పెన్నూ కాగితం పెట్టుకుని. బాల్టిమోర్ శివార్లలో ముచ్చటైన ఇల్లు, పళ్ల డాక్టరు భర్త, ఇద్దరు పిల్లలు. సినిమా బ్రేక్‌ఫాస్ట్ బల్ల దగ్గర మొదలవుతుంది. అక్కడికి ఒక ఈగ వస్తుంది. తల్లి దాన్ని వదలదు. ఆ తర్వాత మనుషుల్ని చంపేది దేనికనుకున్నావు? వీడియో క్యాసెట్ రివైండ్ చేయకుండా తిరిగిచ్చినందుకు. లేబర్ డే, అంటే అక్కడ సెప్టెంబర్ మొదటి సోమవారం, దాటాక తెల్ల బూట్లు వేసుకున్నందుకు. ఆ బూట్ల నియమం అమెరికన్ల పాత మర్యాదల్లో నిజంగానే ఉంది. అందుకే అంతగా పేలింది.

1944 నాటి 'ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్' సినిమాలో ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్లు ఒంటరి వృద్ధులకు విషం కలిపిన వైన్ పోసి సెల్లార్లో పాతిపెడతారు. పైగా శాస్త్రోక్తంగా ప్రార్థనలు కూడా! వాళ్ల లెక్కలో అది పుణ్యకార్యం.

నేనూ ఒకప్పుడు దెబ్బతిన్నవాణ్ణే. నా మొదటి స్క్రిప్టులో మొగుణ్ణి తాగుబోతునీ తిట్టుబోతునీ చేసి చంపించాను. చదివి వినిపిస్తే ఒక్కరూ నవ్వలేదు. "పీడ వదిలింది" అన్నాడొకాయన, అంతే. కారణం బలంగా ఉండేసరికి అది పగ కథ అయిపోయింది.

రక్తం ఎంత చూపించాలన్నది డైరెక్టర్ తలనొప్పి, నువ్వు టెన్షన్ పడకు. ముందు హత్యకు కారణంగా నువ్వు పెట్టిన ఆ ఇన్సూరెన్స్ డబ్బు గొడవ మొత్తం తీసెయ్. పదో పేజీలో ఆవిడ మొగుడు రోజూ టూత్‌పేస్ట్ మధ్యలో నొక్కుతాడని ఒక్క ముక్క రాసి వదిలేశావు. దాన్ని మొదటి పేజీకి తీసుకురా. రాసిన జోకుల్ని తీసేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది, తెలుసు. అయినా తీసెయ్.

అన్నట్టు, విచారణకొచ్చిన పోలీసు తడి బూట్లతో కార్పెట్ మీదకి వస్తాడు కదా. ఆవిడ ఆ బూట్ల వంక ఎలా చూసిందో నువ్వసలు రాయనే లేదు. ఆ సీన్ రాసి పంపు.

మీ అన్నయ్య