గాలి లేదు కదా అని బోటు దించకండి

గోపాల్‌పూర్ వైపు చిన్న బోట్లలో వేటకెళ్ళేవాళ్ళు గాలి ఎంతుంటే ఆగిపోతారు, ఫోన్‌లో గాలి వేగం చూసుకుంటే సరిపోదా అని అడిగారు. సరిపోదు. మాది గంజాం జిల్లా, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాక తగిలే తీరం. ఇక్కడివాళ్ళు మమ్మల్ని నోళియాలంటారు, ఇంట్లో మాత్రం తెలుగే. తాతల నాటి తెప్పలు పోయి ఫైబరు బోట్లొచ్చాయి గానీ, మా ఊళ్ళో జెట్టీ లేదు. ఇప్పటికీ ఇసుక మీంచి కెరటాల్లోకి తోసుకుని పోవాల్సిందే. కాబట్టి మాకు గాలి తర్వాత సంగతి, ముందు కెరటం.

ఒక ఏడు ఉగాది వెళ్ళాక జరిగింది చెప్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంజిను బోట్లు ఒడ్డెక్కించేయాలి. ఆలోగా నాలుగు డబ్బులు చేసుకోవాలని అందరికీ ఆత్రం. తెల్లారుజామున ఆకు కదలట్లేదు. ఫోన్‌లో చూస్తే గాలి గంటకి 8 కిలోమీటర్లు. వల ఎక్కించేశాం, కిరసనాయిలు పోసేశాం. మా మావయ్య మాత్రం ఇసుకలో గొంతుక్కూర్చుని చుట్ట ముట్టించాడు. ఎంతకీ లేవడు.

"మావా, తెల్లారిపోతంది, తోసేద్దుమా?" అన్నాను.

"గాలి నేదురా, నిజివే. కెరటం సూడు. ఒకటిరిగాక ఇంకోటి రాడానికి ఎంతసేపు తీస్తందో సూడు."

మామూలుగా మా దగ్గర ఆరేడు సెకన్లకొకటి తోసుకొస్తుంటాయి. ఆ రోజు ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 15 సెకన్లు ఉంది. ఆ మధ్యలో నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిలబడిపోతున్నాయి. చూస్తుండగానే దూరంగా ఒక నల్లటి గీత లేచింది, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. లోతులో ఉన్నంతసేపూ ఏమీ లేనట్టే వచ్చి, ఒడ్డుకి ముందు నీళ్ళ కింద ఉండే ఇసుకతిప్ప తగిలేసరికి మనిషి ఎత్తు దాటి లేచి ఒక్కపెట్టున విరిగాయి. కూర్చున్న చోట ఇసుక అదిరింది. తర్వాత మళ్ళీ అంతా సద్దుమణిగింది.

పక్క బోటువాళ్ళు అలా సద్దుమణగడం చూసి దించేశారు. వాళ్ళని తప్పు పట్టను. ఆ సరంగు, అంటే బోటు నడిపేవాడు, వల కొనడానికి సావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, చేప ఇవ్వకపోతే మాట పడాలి. తిప్ప దాకా బాగానే పోయారు. అక్కడ ఇంజిను ఆగింది. తాడు లాగుతున్నాడు, లాగుతున్నాడు, ఈలోగా ఆ వరస వచ్చేసింది. మొదటి కెరటానికి బోటు అడ్డం తిరిగింది, రెండోదానికి బోల్తా పడింది. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు. ఒక కుర్రాడి చెయ్యి బోటు అంచు కింద పడి విరిగింది. వల ఇసుకలో కూరుకుపోయి ముక్కలుగా దొరికింది. ఆ నిషేధం రెండు నెలలూ వాళ్ళింట్లో పొయ్యి ఎలా వెలిగిందో మా వీధంతా ఎరుగు.

ఆ వారం బంగాళాఖాతంలో తుఫాను లేదు, వాయుగుండమూ లేదు. భూమధ్యరేఖకి అవతల, దక్షిణ హిందూ మహాసముద్రంలో గాలివానలు లేపిన కెరటాలవి. 15 సెకన్లకొకటి వచ్చే వరస లోతునీళ్ళలో రోజుకి సుమారు 1000 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే వారం కిందట ఎక్కడో వీచిన గాలి ఇవాళ మా ఇసుక మీద విరుగుతోంది. మీ ఫోన్ చూపించేది ఈ ఊరి గాలి, ఇవాళ్టి గాలి. నడిసముద్రంలో ఉన్న ట్రాలరుకి ఈ కెరటం కింద నుంచి పోయినా తెలీదు. అందుకే విశాఖ హార్బరు నుంచి వెళ్ళేవాళ్ళ సలహాలు మాకు పనికిరావు.

గాలి అక్కర్లేదని కాదు. వేసవిలో తెల్లారుజామున నేల గాలి బయటికి తోస్తుంది, మధ్యాహ్నం దాటితే నైరుతి గాలి బలుస్తుంది. దానికి ముందే ఒడ్డు చేరాలి. బాహుదా ఏరు సముద్రంలో కలిసే మొగలోంచి పోయేవాళ్ళు పాటు, అంటే పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీసే వేళ, కూడా చూసుకోవాలి. ఏటినీళ్ళు బయటికి తోస్తుంటే ఎదురొచ్చే కెరటం నిట్టనిలువుగా లేస్తుంది. ఇక గంటకి 45-55 కిలోమీటర్ల గాలి అని హెచ్చరిక వస్తే వాదనే లేదు, ఎవరూ కదలరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఆ రెండుసార్లూ మా వీధివాళ్ళు ఒక్కరూ నీళ్ళలో లేరు. తుఫానంటే అందరికీ భయమే. ఎండకాసే రోజంటే ఎవరికీ భయం లేదు. మావాళ్ళ కాళ్ళూ చేతులూ విరిగేది ఆ రోజుల్లోనే, ఇందులో నాకు అనుమానం లేదు.

ఆగమని చెప్పడం తేలికే. రుషికుల్య మొగ నుంచి 20 కిలోమీటర్ల లోపల నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ళ కోసం వేట బందు, ఆ వైపు పోవడానికి లేదు. తాబేళ్ళు బతకాలి, కాదనను. కానీ ఆ బందు అయ్యేసరికి వర్షాకాలపు సముద్రం, అది కాస్త తగ్గేసరికి అక్టోబరు తుఫాన్లు. మిగిలిన రోజుల్లో కూడా కెరటం చూసి ఆగమంటే అప్పున్నవాడికి ఓపిక ఎక్కడిది? నిషేధకాలంలో చేతికందే సాయం, అడ్వాన్సు తీర్చడానికి ఏ మూలకీ చాలదు.

మీరు వెళ్ళాలనుకుంటే, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇచ్చే సముద్ర సూచన చూడండి. దూరపు కెరటం ఎత్తూ, ఎన్ని సెకన్లకొకటి వస్తుందో కూడా అందులో ఉంటుంది. 12 సెకన్లు దాటితే దించేముందు అరగంట ఒడ్డున కూర్చుని పెద్ద వరస వచ్చేదాకా చూడండి. 15 దగ్గరుండి, ఎత్తు మీటరు దాటితే ఆ రోజు మానేయండి. మా వీధికి ఈ సంగతులు ఫోన్‌లో ఒడియాలోనో ఇంగ్లీషులోనో వస్తాయి, మావయ్య వయసువాళ్ళు రెండూ చదవలేరు. గుడి మైకులో తెలుగులో రెండు ముక్కలు చదివి వినిపించమని అడుగుతూనే ఉన్నాం: ఎత్తెంత, ఎన్ని సెకన్లకొకటి. మీ ఊళ్ళో ఎక్కడైనా అలా చదివిస్తుంటే, ఎవరిని పట్టుకుంటే పనయిందో కింద రాయండి.