టెక్ సందేహాలు: లింక్ స్పీడే తెలియనప్పుడు ప్రయారిటీ ఎలా?

ప్రశ్న: రూటర్‌లో క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్ ముందు పోవాలో చెప్పే సెట్టింగ్) ఆన్ చేసి వీడియో కాల్స్‌కి 'హై' పెట్టాను. స్పీడు ఎంతో రాయమంటే ప్లాన్‌లో ఉన్నట్టు అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అని వేశాను. కానీ నాది 5జీ కనెక్షన్, గంటకో స్పీడు వస్తుంది. ఎవరైనా ఫొటోలు బ్యాకప్ పెడితే చాలు, కాల్ ఎప్పట్లాగే ముక్కలైపోతోంది. అక్కడ ఏ నంబర్ వేయాలి?

జవాబు: ఈ ఫిర్యాదు నాకు వస్తూనే ఉంది, అందరూ చేసే పని కూడా ఇదే, ప్లాన్ స్పీడు తెచ్చి ఆ గడిలో వేయడం. ప్రయారిటీ పనిచేసేది క్యూ ఉన్నచోటే, అంటే ప్యాకెట్లు (డేటా ముక్కలు) వరుసలో ఆగేచోటే. మీ లింక్ నిజంగా 4 ఎంబీపీఎస్ ఇస్తున్న సమయంలో రూటర్ మాత్రం 20 ఉందనుకుని వచ్చిన ప్యాకెట్‌ని వచ్చినట్టే పంపేస్తుంది. ఇక దాని దగ్గర క్యూ ఎక్కడుంది, ముందు వెనక చేయడానికి? క్యూ అంతా మోడెమ్‌లో పేరుకుంటుంది, మీరు పెట్టిన 'హై' గురించి మోడెమ్‌కి ఏమీ తెలియదు. అక్కడ 1 ఎంబీ డేటా ఆగిందంటే, 4 ఎంబీపీఎస్ లెక్కన మీ కాల్ ప్యాకెట్ 2 సెకన్లు వెయిట్ చేయాలి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు, 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే కంప్యూటర్ ఇంజినీర్ దీని మీద గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు.

నిజానికి ప్రయారిటీ ఇవ్వడానికి స్పీడుతో పనే లేదు, క్యూ మన చేతిలో ఉంటే చాలు. ఆ నంబర్ అడిగేది క్యూని మోడెమ్ నుంచి రూటర్‌లోకి లాక్కోవడానికే. అందుకే ప్లాన్ స్పీడు కాదు, రద్దీ వేళ వచ్చే కనీస స్పీడు కొలిచి, దానికి ఇంకో పది శాతం తక్కువ వేయండి. లింక్ బాగున్నప్పుడు కొంత స్పీడు వదులుకుంటారు, తప్పదు. అంత వదులుకోలేకపోతే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్లలో కేక్ ఆటోరేట్ అనే స్క్రిప్ట్ ఉంది, అది ఆగకుండా పింగ్ (ఒక ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం) చూస్తూ, ఆలస్యం పెరిగితే నంబర్ తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది.

కాల్స్, గేమ్స్ అంటూ పొడుగు జాబితాలు కూడా చాలామందికి అక్కర్లేదు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ అనే నెట్‌వర్క్ నిపుణులు తెచ్చిన కోడెల్ పద్ధతి క్యూ ఎంత పొడవుందో చూడదు, ప్యాకెట్ ఎంతసేపు ఆగిందో చూస్తుంది. ఆ ఆలస్యం 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్లకి దిగకపోతే ప్యాకెట్లను పారేయడం మొదలుపెడుతుంది, అది చూసి పంపేవాళ్లు నెమ్మదిస్తారు, ఈ లెక్కలో లింక్ స్పీడు ఎక్కడా రాదు. ఒక్కో కనెక్షన్‌కి వేరే క్యూ పెట్టి దీన్నే ఎఫ్‌క్యూ కోడెల్‌గా పెంచారు. కాల్ లాంటి సన్నటి ట్రాఫిక్ అందులో ఏ గుర్తూ లేకుండానే ముందుకెళ్తుంది. డౌన్‌లోడ్ సంగతి వేరు, అక్కడ క్యూ ఉండేది ప్రొవైడర్ వైపు, కొన్ని ప్యాకెట్లు పారేసి పంపేవాళ్లు నెమ్మదించేలా చేయడం తప్ప మనం చేయగలిగింది తక్కువ.

నాకు టెన్షన్ పుట్టించేది మాత్రం ఈ నంబర్ గొడవ భరించలేక జనం ఇన్‌స్టాల్ చేసుకునే 'నెట్ బూస్టర్' యాప్‌లు. వీటిలో చాలావాటికి వీపీఎన్ అనుమతి కావాలి. ఓకే నొక్కిన క్షణం నుంచి మీ ఫోన్ ట్రాఫిక్ అంతా ఆ యాప్ మీదుగానే పోతుంది. సైట్లు వాడే హెచ్‌టీటీపీఎస్ తాళం లోపలి మాటలు దాస్తుంది కానీ మీరు ఏ బ్యాంకు సర్వర్‌తో, ఎన్ని గంటలకి, ఎంతసేపు ఉన్నారో దాచదు. సర్టిఫికెట్ (ఎవరిని నమ్మాలో ఫోన్‌కి చెప్పే డిజిటల్ పత్రం) కూడా వేయమని అడిగితే ఇంకేం ఆలోచించకుండా తీసేయండి, అది వేస్తే లోపలి మాటలు కూడా బయటపడే దారి తెరుచుకుంటుంది. అయినా పక్క కంప్యూటర్‌లో నడిచే బ్యాకప్‌ని మీ ఫోన్‌లోని యాప్ ఎలా ఆపుతుంది? ఆ క్యూ దాని చేతిలో లేదు. యాప్‌లను దానంతటదే గుర్తుపడతానని చెప్పే కొన్ని రూటర్లు కూడా మీరు చూసే సైట్ల వివరాలు బయటి కంపెనీకి పంపుతాయి, ఆ ఒప్పందం పేజీ చదవకుండా ఆన్ చేయకండి.

తయారీదారుల మీద నా కోపం ఇదీ. తన గుండా పోయే ప్రతి ప్యాకెట్‌నీ చూస్తున్న పెట్టె, ఆలస్యాన్ని తానే కొలుచుకోగలిగిన పెట్టె, స్పీడెంతని మనల్ని అడగడమేంటి? పైగా ఆ గడి పక్కన ప్లాన్ స్పీడు వేయొద్దని ఒక్క ముక్క కూడా రాయరు. కొన్ని అప్‌డేట్లయితే పెట్టుకున్న నంబర్‌ని చెప్పకుండా చెరిపేస్తాయి.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ఒక పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి, పక్కన పింగ్ నడపండి. పింగ్ పెరగడం ఆగేదాకా ఆ 20ని కొద్దికొద్దిగా తగ్గించండి. రాత్రి రద్దీలో ఇంకోసారి చూసి, రెండింట్లో తక్కువది ఉంచండి.