రాయి ఎవరికి దక్కింది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్ ప్రాంతపు పాత భాష కార్నిష్‌ను చివరిసారిగా మాట్లాడిన స్త్రీకి అక్కడ సమాధిరాయి ఉందని విన్నాను. దాని మీద ఆ భాషలోనే రాశారా?

జవాబు: ఆ భాషలో రాసింది ఒక్క వాక్యమే, మిగతాదంతా ఇంగ్లీషు. ఆ రాయి ముందు నిలబడి చదివినప్పుడు నాకు మొదట కలిగింది చిరాకే.

ఆవిడ పేరు డాలీ పెంట్రీత్. మౌస్‌హోల్ అనే జాలరి ఊళ్ళో చేపలు అమ్మేది. (రాత అలా ఉన్నా ఊరివాళ్ళు దాన్ని ‘మౌజుల్’ అంటారు.) 1768లో డెయిన్స్ బారింగ్టన్ అనే పండితుడు ఆవిడను వెతుక్కుంటూ వచ్చాడు. మీకు ఆ భాష రాదేమోనని ఆయన అనుమానం వెలిబుచ్చాడో లేదో, రెండు మూడు నిమిషాలు గుక్కతిప్పుకోకుండా కార్నిష్‌లో దులిపేసింది. ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. తిట్టిందని పక్కనున్న ఆడవాళ్ళు నవ్వుతూ చెప్పాక తెలిసింది.

1777 డిసెంబరులో చనిపోతే పాల్ గ్రామంలోని చర్చి ఆవరణలో పాతిపెట్టారు. ఇప్పుడు అక్కడి గోడలో మనం చూసే రాయి 1860 నాటిది. నెపోలియన్ తమ్ముడి కొడుకు, భాషల మీద మక్కువున్న లూయీ లూసియన్ బొనపార్ట్, ఆ చర్చి గురువు కలిసి పెట్టించారు. బతికినన్నాళ్ళూ బుట్ట మోసిన మనిషికి రాకుమారుడి చేత రాయి దక్కడానికి 82 ఏళ్ళు పట్టింది. కార్నిష్‌లో ఉన్న ఆ ఒక్క వాక్యమూ బైబిల్ నిర్గమకాండంలోని అయిదో ఆజ్ఞ: నీ తండ్రిని, నీ తల్లిని సన్మానింపుము. తండ్రికి ‘తాజ్’, తల్లికి ‘మామ్’ అని కనిపిస్తాయి. తల్లిభాష పోయినచోట ఆ వాక్యాన్నే ఎంచుకున్నారంటే ఎవరికో మనసు చివుక్కుమని ఉంటుంది. అది తట్టాక నా చిరాకు కొంత తగ్గింది.

‘చివరి’ అన్న మాటను మాత్రం నేను నమ్మను. ఆవిడ బతికుండగానే, 1776లో, అదే ఊరి జాలరి విలియం బొడినార్ కార్నిష్‌లో ఉత్తరం రాశాడు. ఆయన పోయింది 1789లో. జెనర్ ఊరి చర్చి దగ్గర కార్నిష్ తెలిసిన జాన్ డేవీకి మరో రాయి ఉంది, ఆయన 1891 దాకా బతికాడు. మీరు పాల్ వెళితే చర్చి లోపలికీ వెళ్ళండి. స్టీఫెన్ హచెన్స్ అనే దాత పేరిట 1709 నాటి ఫలకం మీద కార్నిష్‌లో ద్విపద వంటి రెండు పాదాలున్నాయి. ఆ భాష ఇంకా జనం నోట ఉన్న రోజుల్లో చెక్కినవి కాబట్టి నాకు అవే ఎక్కువ విలువైనవి.

ప్రశ్న: ఓడ మునిగి చనిపోయినవాళ్ళను కార్న్‌వాల్‌లో చర్చి ఆవరణలో పాతిపెట్టేవారు కాదంటారు. నిజమేనా?

జవాబు: 1808 దాకా చాలాచోట్ల నిజమే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవం క్రైస్తవుడిదో కాదో ఎవరికి తెలుసు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? కొండగట్టు మీదే గొయ్యి తీసి, శవపేటికా ప్రార్థనా లేకుండా పూడ్చేసేవారు. 1807 డిసెంబరులో ‘లో బార్’ అనే ఇసుకమేట దగ్గర ‘ఆన్సన్’ యుద్ధనౌక పగిలిపోయినప్పుడూ అంతే జరిగింది. అది చూసి కడుపు మండిన థామస్ గ్రిల్స్ అనే హెల్‌స్టన్ ఊరి న్యాయవాది చట్టం ముసాయిదా రాశాడు. మరుసటి ఏడే అది అమల్లోకి వచ్చింది. చర్చి ఆవరణలో పాతిపెట్టడం ఆ పారిష్ (ఒక్కో చర్చి పరిధిలోని ప్రాంతం) విధి, ఖర్చు కౌంటీది, అంటే జిల్లాది. అదే ప్రమాదాన్ని ఒడ్డున నిలబడి చూసిన హెన్రీ ట్రెంగ్రౌస్ ఓడకు తాడు విసిరే రాకెట్టు కనిపెట్టాడు. ఆయన సమాధి హెల్‌స్టన్ చర్చి ఆవరణలోనే ఉంది.

చట్టం ఉంటే సరిపోదు, కొండ దిగేవాడు కావాలి. మార్వెన్‌స్టో గురువు రాబర్ట్ హాకర్ తానే దిగి శవాలను పైకి తెప్పించేవాడు. 1842లో మునిగిన ‘కలెడోనియా’ నావికుల గోతి మీద ఆ ఓడ ముందుభాగంలోని చెక్కబొమ్మనే నిలబెట్టారు: కత్తీ డాలూ పట్టిన తెల్లటి స్త్రీమూర్తి. ఇప్పుడు బయట ఉన్నది నకలు, అసలు బొమ్మను లోపలికి చేర్చారు.

ప్రశ్న: ఆవిరి యంత్రాలు తయారుచేసిన కార్న్‌వాల్ ఇంజనీరు ట్రెవిథిక్ సమాధి ఎక్కడ?

జవాబు: కార్న్‌వాల్‌లో లేదు. 1833లో కెంట్‌లోని డార్ట్‌ఫర్డ్‌లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు. తోటి పనివాళ్ళు చందాలేసుకుని పాతిపెట్టారు, గుర్తురాయి కూడా లేదు. కార్న్‌వాల్‌లోని మైలర్ చర్చి ఆవరణలో మాత్రం జోసెఫ్ క్రాప్ అనే ఓడల వడ్రంగికి 1770 నాటి రాయి ఉంది. వర్ణక్రమం అడుగడుగునా తప్పే, వ్యాకరణం సరేసరి. చివరి రెండు పాదాలకు నా తెలుగు ఇది: కాలు జారెను, కింద పడెను, కాపాడండి కాపాడండి అనెను, అంతే.