టూరింగ్ బండి కొనే ముందు పాత బండి మీటర్ చూడండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 58,000 వస్తుంది. భార్య, నాలుగేళ్ల పాప. అద్దె, ఇంటి ఖర్చు, పాప స్కూలు కలిపి 38,000 అవుతాయి. పర్సనల్ లోన్ ఈఎంఐ 6,200, ఇంకో ఎనిమిది నెలలుంది. సిప్ 5,000. ఫిక్స్‌డ్ డిపాజిట్ 2.2 లక్షలు. 2014లో కొన్న 150 సీసీ బండి 66,000 కిలోమీటర్లు తిరిగింది. లాంగ్ రైడ్‌లంటే ప్రాణం, అరకు, గండికోట, హంపి, గోవా తిరగాలి, పదేళ్లు మన్నే టూరింగ్ బండి కావాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో మీటియర్ 350 ఆన్‌రోడ్ 2.50 లక్షలు, హిమాలయన్ 450 ఆన్‌రోడ్ 3.95 లక్షలు చెప్పారు. తెలిసినాయన దగ్గర 2019 మోడల్ ఇంటర్‌సెప్టర్ 650 కూడా ఉంది. 350తో టూరింగ్ కాదు, 450 తీసుకో అంటున్నారు ఫ్రెండ్స్. షోరూంలో 3.5 లక్షలు లోన్ ఇస్తామన్నారు, 11 శాతం వడ్డీకి ఐదేళ్లపాటు నెలకి 7,610 కడితే చాలట. ఎఫ్‌డీ తీసెయ్యనా, లోన్ తీసుకోనా? లద్దాఖ్ వెళ్లాలనేది నా కల, సెలవులు మాత్రం పది రోజులే.

జవాబు: మీరు రాసిన అంకెల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది జీతం కాదు, పాత బండి మీటర్. పన్నెండేళ్లలో 66,000 అంటే ఏడాదికి ఐదున్నర వేలు, అందులోనూ ఎక్కువ భాగం ఆఫీసుకి పోయి రావడమే అయ్యుంటుంది. కొత్త బండి వస్తే మొదటి ఏడాది విపరీతంగా తిరుగుతారు, వద్దన్నా తిరుగుతారు. రెండో ఏడాది పాప స్కూలు, పెళ్లిళ్లు, ఎండలు అంటూ తగ్గుతుంది. నేను ఉదారంగానే ఏడాదికి 8,000 అనుకుంటున్నా. పదేళ్లకి 80,000. 350 కొంటే కిలోమీటరుకి బండి ఖర్చే మూడు రూపాయల చిల్లర, 450 కొంటే దాదాపు ఐదు. ఇందులో పెట్రోల్ లేదు, టైర్లు లేవు, వడ్డీ అసలే లేదు.

ఇప్పుడు ఆ 7,610 సంగతి. మీ లెక్క ప్రకారం ఖర్చులన్నీ పోను నెలకి 8,800 మిగులుతోంది. అందులోంచి 7,610 తీసేస్తే 1,190. హైదరాబాద్‌లో లీటరు పెట్రోల్ 107 రూపాయల పైనే ఉంది కాబట్టి ఆ డబ్బుకి పదకొండు లీటర్లు వస్తాయి, మీ 450 ట్యాంకే 17 లీటర్లు. బండి పార్కింగ్‌లో మెరుస్తూ ఉంటుంది, ఫుల్ ట్యాంక్ కొట్టించడానికి డబ్బుండదు. ఎనిమిది నెలలయ్యాక కాస్త ఊపిరాడుతుంది నిజమే, కానీ ఐదేళ్లలో వడ్డీగా కట్టేది లక్షా ఆరు వేల పైమాటే. షోరూంలో నెలకి ఎంత అని చెబుతారు గానీ మొత్తం ఎంత అని చెప్పరు, అది మనమే అడగాలి.

ఇంకో మాట. 11 శాతం అన్నది తగ్గే అసలు మీద వడ్డీయా, ఫ్లాట్ రేటా (మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ) అని కూడా అడగండి. మీకు చెప్పిన 7,610 తగ్గే అసలు లెక్కకే సరిపోతోంది, అంతవరకు బాగానే ఉంది. కానీ పక్క షోరూంలో 'మా దగ్గర 8 శాతమే' అంటారు చూడండి, అక్కడ జాగ్రత్త. రెండు లక్షలకి మూడేళ్లు 8 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 48,000, ఈఎంఐ 6,889. అసలు రేటు లెక్కేస్తే దాదాపు 14.5 శాతం. అదే 11 శాతం తగ్గే అసలు మీదైతే వడ్డీ 36,000 లోపే. ఎనిమిది పదకొండు కంటే చిన్నదే, కట్టేది మాత్రం ఎక్కువ!

ఇక 350 వర్సెస్ 450. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 దాటితే 40 శాతం, అంతకు ముందు సెస్‌తో కలిపి 31 ఉండేది. మీటియర్ 349 సీసీ, గీతకి ఇటు. హిమాలయన్ 452, గీతకి అటు. పన్ను లేని ధర 2.2 లక్షలు ఉందనుకుంటే 40 శాతం అంటే 88,000 ఒక్క జీఎస్టీయే, ఆ పైన లైఫ్ ట్యాక్స్ కూడా ధర మీద శాతంలోనే. ఇన్సూరెన్స్‌లోనూ అదే గీత. కొత్త బండికి తప్పనిసరిగా తీసుకోవాల్సిన ఐదేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా) ప్రీమియం 150 నుంచి 350 సీసీ వరకు 7,365, దాటితే 15,117, వీటి మీద జీఎస్టీ అదనం. పెట్రోల్ తేడా మాత్రం అందరూ అనుకున్నంత లేదు. 350 లీటరుకి 33, 450 లీటరుకి 28 ఇచ్చినా, ఏడాదికి 8,000 కిలోమీటర్లకి ఐదు వేలలోపే తేడా. మైలేజీ కోసం 350 కొనమని నేను చెప్పడం లేదు.

మీ ఫ్రెండ్స్ చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. 450లో 40 పీఎస్, అంటే 40 గుర్రాల పవర్ ఉంది, మీటియర్‌లో దాదాపు సగమే. 450కి గ్రౌండ్ క్లియరెన్స్ 230 మిల్లీమీటర్లు, మీటియర్‌కి 170. ఏటా హిమాచల్‌లోని స్పితి లాంటి చోట్ల రాళ్లలో తిరిగేవాళ్లకి 450యే సరైన బండి, అందులో వాదన లేదు. కానీ మీరు రాసిన రైడ్‌లు ఏవి? అరకు, గండికోట, హంపి, గోవా. అంతా తారు రోడ్డే. నాలుగు వరుసల హైవే మీద కూడా బైక్‌కి చట్టం ఇచ్చిన వేగం గంటకి 80. మీటియర్ వెనక మనిషి, రెండు బ్యాగులతో కూడా ఆ వేగాన్ని రోజంతా అరుపుల్లేకుండా లాగుతుంది. పైగా సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు, 450ది 825. సాయంత్రం అలిసిపోయి, వెనక మీ ఆవిడ, గులకరాళ్ల పార్కింగ్‌లో బండి ఆపుతున్నప్పుడు కాళ్లు రెండూ నేలకి ఆనడం ఎంత సుఖమో కొన్నాక తెలుస్తుంది.

మన్నిక గురించి అడిగారు. అందరూ ఇంజిన్ గురించే మాట్లాడతారు, ఇంజిన్లు ఈ రోజుల్లో అంత తేలిగ్గా పోవు. దారిలో మనల్ని నిలబెట్టేవి టైరు, ట్యూబు, క్లచ్ కేబుల్, బ్యాటరీ. 2011లో మేమిద్దరం శ్రీశైలం నుంచి తిరిగొస్తున్నాం, వటవర్లపల్లి దాటాక వెనక టైర్లో మేకు దిగింది. అప్పటి నా బండికి స్పోక్ చక్రాలు, ట్యూబ్ టైరు. సాయంత్రం నాలుగున్నర. నల్లమలలో రాత్రి తొమ్మిది తర్వాత బళ్లు తిరగనివ్వరు కాబట్టి గుండెల్లో రాయి పడింది. ఒక ట్రాలీ ఆటో అతన్ని బతిమాలి బండి ఎక్కించి ఊళ్లోకి తెస్తే, పంక్చర్ కుర్రాడు రాడ్లు పెట్టి టైరు ఊడదీశాడు, ట్యూబ్ వాల్వ్ దగ్గరే చిరిగిపోయింది. అతికించడం కుదరదు, ఆ సైజు ట్యూబ్ వాళ్ల దగ్గర లేదు. అతను ఇంకో ఊరికి మనిషిని పంపి తెప్పించేలోపు కోతులు మా బ్యాగు విప్పి ప్రసాదం పులిహోర మొత్తం తిన్నాయి, మా ఆవిడ ఇప్పటికీ ఆ పులిహోర గురించే చెబుతుంది, బండి గురించి కాదు. ఆటోకి, ట్యూబుకి, పనికి కలిపి ఆ రోజుల్లో 1,800 వదిలాయి. మీటియర్‌కి చాలా వేరియంట్లలో అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. మేకు దిగినా చాలాసార్లు మెల్లగా పక్క ఊరి దాకా పోవచ్చు, కిట్ ఉంటే మీరే ప్లగ్ పెట్టుకోవచ్చు. నా దృష్టిలో ఇరవై గుర్రాల పవర్ కంటే ఇది గొప్ప ఫీచర్.

కొనే ముందు ఒక పని చెయ్యండి. మీరు ఎక్కువగా వెళ్లే దారిలో ఒక చిన్న ఊరు, నంద్యాలో నిర్మలో, అక్కడి మెకానిక్‌కి ఫోన్ చేసి ఈ మోడల్‌కి క్లచ్ కేబుల్, బ్రేక్ ప్యాడ్లు, చైన్ సెట్ ఉన్నాయా, లేకపోతే ఎన్ని రోజులకి వస్తాయి అని అడగండి. రెండు మూడు ఊళ్లు అడిగితే చాలు, ఏ బండి మన్నుతుందో యూట్యూబ్ కంటే బాగా తెలుస్తుంది.

ఇంటర్‌సెప్టర్ 650 మీద నాకూ మోజే, ఆ రెండు సిలిండర్ల నడక వేరు. కానీ ఐదేళ్లు దాటిన బండి, టైర్లు, సర్వీస్ అన్నీ 350 కంటే ఖరీదు, మళ్లీ స్పోక్ చక్రాలే. తెలిసినాయన అన్నారు కదా అని కాగితాలు చూడకుండా ఉండొద్దు. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉందా, చలాన్లు ఎన్ని, సర్వీస్ పుస్తకంలో కిలోమీటర్లు మీటర్‌తో కలుస్తున్నాయా చూసుకోవాలి. అది కుదిరినా మీ ఇంటి బడ్జెట్‌కి రెండో పిల్లాడిని పెంచినట్టే.

ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోకండి. అది నెలకి 44,000 ఖర్చున్న ఇంటికి ఐదు నెలల బియ్యం. ప్రైవేటు ఉద్యోగం, ఒక్క జీతం, చిన్న పాప. ఉద్యోగం పోయిన రోజు బండి అమ్ముకుందాంలే అనుకుంటారు గానీ, తొందర్లో అమ్మేవాడికి ఎవరూ మంచి ధర ఇవ్వరు.

నేనైతే ఇలా చేస్తాను. వచ్చే నెల నుంచి 7,000 రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ). ఎనిమిది నెలలకి 56,000, అప్పటికి పర్సనల్ లోన్ అయిపోతుంది, ఆ 6,200 ఖాళీ అవుతుంది కాబట్టి మిగతా నాలుగు నెలలు 13,000 చొప్పున ఇంకో 52,000. ఏడాదికి వడ్డీతో కలిపి లక్షా పది వేలు చేతిలో ఉంటాయి. మిగిలిన లక్షా నలభై వేలకి రెండేళ్ల లోన్, 11 శాతమైతే ఈఎంఐ దాదాపు 6,525, మొత్తం వడ్డీ 16,600. లక్షా ఆరు వేలెక్కడ, ఇదెక్కడ! పైగా ఈఎంఐ కట్టాక కూడా నెలకి ఏడు వేల పైనే మిగులుతాయి, పెట్రోల్‌కి, హోటల్ రూములకి. అన్నట్టు మీ పాత బండి అమ్మకండి. ఆఫీసుకి, కూరగాయలకి అదే చాలు, దాని థర్డ్ పార్టీ ఏడాదికి 714 మాత్రమే, జీఎస్టీ అదనం. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రోజూ క్లచ్ కాల్చకపోతే టూరింగ్ బండి ఇంకో మూడేళ్లు ఎక్కువ బతుకుతుంది. ఆదివారం ఒకసారి స్టార్ట్ చేసి ఓ ముప్పై కిలోమీటర్లు తిప్పండి, బ్యాటరీ చావకుండా.

ఈలోపు ఇంకొకటి, ఇది మీరు అడగలేదు. మీ ఉత్తరంలో టర్మ్ ఇన్సూరెన్స్, అంటే మనం పోతే ఇంటివాళ్లకి డబ్బొచ్చే పాలసీ, దాని మాటే లేదు. బండి ఇన్సూరెన్స్‌తో పాటు తీసుకునే పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలు, అది బండి నడిపే ఓనర్‌కి. వెనక కూర్చునే మీ ఆవిడకి విడిగా తీసుకుంటేనే ఉంటుంది, అడిగి రాయించుకోండి. కోటి రూపాయల టర్మ్ పాలసీ మీ వయసుకి, సిగరెట్ అలవాటు లేకపోతే, ఏడాదికి సుమారు 12 నుంచి 15 వేలు. 350 బండి మీద పన్ను తగ్గిన అదే రోజు, వ్యక్తిగత టర్మ్, హెల్త్ పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. రోడ్డు మీద ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరగబోతున్న మనిషి బండి కంటే ముందు ఇది కొనాలి, నెలకి 1,200 చొప్పున పక్కన పెడితే సరిపోతుంది. ఆర్‌డీ ఏడు వేలు, ఇది పన్నెండొందలు, ఇంకా ఆరొందలు మిగులుతాయి, టీ ఖర్చుకి.

లద్దాఖ్ గురించి. జీవితంలో ఒకసారో రెండుసార్లో వెళ్లే చోటు కోసం పదేళ్లు లక్షన్నర ఎక్కువ మోయక్కర్లేదు. మనాలి నుంచి లేహ్ దారిలో తాండీ అనే ఊళ్లో పెట్రోల్ బంకు దగ్గర, ఇక్కణ్నుంచి 365 కిలోమీటర్ల దాకా బంకు లేదనే బోర్డు ఉంది, అందరూ దాని పక్కన ఫొటో దిగుతారు. మీటియర్ ట్యాంకు 15 లీటర్లు, లీటరుకి ముప్పై వచ్చినా 450 కిలోమీటర్లు, పైన ఓ ఐదు లీటర్ల క్యాన్ కట్టుకుంటే టెన్షన్ ఉండదు. 350లు ఆ రోడ్డు మీద బోలెడు పోతుంటాయి. కాకపోతే ఇక్కణ్నుంచి లేహ్ రెండున్నర వేల కిలోమీటర్లు, పోనూ రానూ ఐదు వేలు, మీ సెలవులు పది రోజులే అన్నారు. ఢిల్లీ వరకు బండిని రైల్లో పార్సిల్ వెయ్యండి, ట్యాంకు ఖాళీ చేసి ఇవ్వాలి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాపీలు కావాలి, అద్దాలు ముందే విప్పి ఇంట్లో పెట్టుకోండి. లేదా విమానంలో లేహ్ దిగి అక్కడే అద్దెకి తీసుకోండి. మనాలిలోనో శ్రీనగర్‌లోనో అద్దెకి తీసుకుంటే మాత్రం లేహ్‌లో బండ్లు అద్దెకిచ్చే యూనియన్ వాళ్లు ఆ బండితో ఖర్దుంగ్‌లా, పాంగాంగ్ సరస్సు వైపు వెళ్లనివ్వరు, సొంత బండికి ఆ గొడవ లేదు.

టెస్ట్ రైడ్‌కి మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి. ఒక రౌండ్ కాదు, షోరూం వాళ్లు ఒప్పుకుంటే ఇరవై కిలోమీటర్లు. దిగాక నడుము ఎలా ఉందో ఆమెని అడగండి. ఆర్‌డీకి తేదీ మాత్రం జీతం పడిన మర్నాడే పెట్టించండి.