పెరటి ప్రశ్నలు: టొరంటోలో నాలుగు మొక్కలు, గట్టు మీద ఒకటి

ప్రశ్న: మా అబ్బాయి కొన్నేళ్లుగా కెనడాలో, టొరంటోలో ఉంటున్నాడు. ఇంటి వెనుక నాలుగు గంజాయి మొక్కలు పెంచుతున్నాడని మొన్న వీడియో కాల్‌లో చూసేదాకా నాకు తెలియదు. అక్కడ అది నేరం కాదంటాడు. నేను కోప్పడటం పూర్తయ్యాక, “అమ్మా, నలభై ఏళ్లుగా పెరట్లో మిరప, పసుపు పండిస్తున్నావు కదా, ఇవి కోతకు వచ్చాయో లేదో చెప్పు” అంటూ ఫోన్‌ను మొక్క దగ్గరికి తీసుకెళ్లాడు. గుత్తుల నిండా తెల్లటి వెంట్రుకల వంటివి ఉన్నాయి, కొన్ని గోధుమ రంగుకు తిరిగాయి. నాకేమీ తోచలేదు. ఈ మొక్క పక్వానికి వచ్చిందని ఎలా గుర్తిస్తారు? వాడు చెప్పే చట్టం నిజమేనా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలనిదే మొదటి దానికి జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. మీ అబ్బాయి చెప్పింది నిజమే. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి పెద్దలు గంజాయి వాడటాన్ని చట్టం అనుమతిస్తోంది. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 19 ఏళ్లు నిండినవారు ఇంటికి నాలుగు మొక్కల వరకు పెంచుకోవచ్చు. ఈ నాలుగు అనే లెక్క ఇంటికే గాని మనిషికి కాదు, కాబట్టి ఒకే ఇంట్లో ముగ్గురు స్నేహితులు ఉంటే పన్నెండు మొక్కలు పెట్టుకోవచ్చనుకోవడం పొరపాటు. అదే దేశంలోని క్యుబెక్‌లో ఇంట్లో పెంచడం నిషిద్ధం. ఆ నిషేధం చెల్లుతుందని కెనడా సుప్రీంకోర్టు 2023లో తీర్పు కూడా ఇచ్చింది. మన దేశంలో మాత్రం 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం ప్రకారం, మనం ఎన్‌డీపీఎస్ చట్టం అని పిలిచేదాని ప్రకారం, అనుమతి లేకుండా ఒక్క మొక్కను కుండీలో పెంచినా నేరమే. పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అందువల్ల నేను ఇక్కడ రాసేది మీ అబ్బాయి పెరటికి వర్తించేదే తప్ప హనుమకొండ మేడ మీది కుండీలకు వర్తించేది కాదు. ఈ వాడకం మీద నాకు మంచి అభిప్రాయమేమీ లేదు, అయినా మొక్క గురించి అడిగినప్పుడు మొక్క గురించి చెప్పడమే ఈ శీర్షిక పని.

మీకు తెలిసిన పంటతోనే మొదలుపెడదాం. మక్కజొన్న కంకి మీద పట్టులా మెరిసే పీచు ఎండి గోధుమ రంగుకు తిరిగినప్పుడు గింజ పాలు పోసుకుని కంకి కాల్చుకోవడానికి సిద్ధమైందని మన రైతు గుర్తిస్తాడు. ఆ పీచు నిజానికి ఆడ పువ్వు పుప్పొడిని అందుకోవడానికి చాచే కీలాగ్రమే. మీరు గంజాయి గుత్తుల మీద చూసిన తెల్లటి వెంట్రుకలు కూడా సరిగ్గా అవే. అవి నిటారుగా, తెల్లగా నిలబడి ఉన్నంత కాలం మొక్క ఇంకా పూస్తూనే ఉందని అర్థం; ఎక్కువ భాగం గోధుమ రంగుకు తిరిగి, లోపలికి ముడుచుకుని, వాటి అడుగున ఉన్న చిన్న తొడిమ వంటి భాగం ఉబ్బితే పక్వం దగ్గరపడిందని అర్థం. అయితే మక్కజొన్నకు సరిపోయిన ఈ ఒక్క గుర్తు ఇక్కడ చాలదు. గట్టి వాన పడినా, చేతులు తగిలినా, ఎక్కడినుంచో పుప్పొడి వచ్చి అంటినా ఆ వెంట్రుకలు ముందే రంగు మారతాయి. మీరు చెప్పిన దాన్ని బట్టి, అంటే కొన్నే రంగు మారాయంటే, ఆ మొక్కలు ఇంకా కోతకు రాలేదు.

అసలు గుర్తు కంటికి కనిపించనంత చిన్నది. ఆడ పువ్వు మీద పుట్టగొడుగుల ఆకారంలో, సన్నని కాడ మీద గుండ్రని తలతో జిగురు గ్రంథులు ఉంటాయి. వీటినే ట్రైకోమ్‌లు అంటారు. మత్తు కలిగించే టీహెచ్‌సీ తయారయ్యేది ప్రధానంగా వీటిలోనే. అవుసలి వారు రాళ్ల నాణ్యం చూడటానికి కంటికి పెట్టుకునే భూతద్దం వంటిది, ముప్పై నుంచి అరవై రెట్లు పెద్దదిగా చూపేది ఉంటే ఇవి స్పష్టంగా కనిపిస్తాయి. లేత దశలో గ్రంథి తల గాజు పూసలా పారదర్శకంగా ఉంటుంది, తరువాత గంజి కలిపిన నీళ్లలా తెల్లగా మసకబారుతుంది, ఇంకా ఆగితే తేనె రంగుకు తిరుగుతుంది. గాజులా ఉన్నప్పుడు కోస్తే తొందరపడినట్టు. ఎక్కువ భాగం మసకబారి అక్కడక్కడ తేనె రంగు కనిపించే వేళను పెంచేవారు కోతకు సరైనదిగా లెక్కిస్తారు. అన్నీ తేనె రంగుకు వచ్చేదాకా ఆగితే టీహెచ్‌సీ క్షీణించి సీబీఎన్ అనే మరో పదార్థంగా మారడం మొదలవుతుంది. ఒక జాగ్రత్త ఏమిటంటే, గుత్తి మధ్యలోంచి తొంగిచూసే చిన్న ఆకుల మీది గ్రంథులు పువ్వు మీది వాటికంటే ముందే రంగు మారతాయి. కాబట్టి ఆకును కాక పువ్వును చూడాలి, అదీ మొక్క పైన ఒకచోట, కింద ఒకచోట చూడాలి.

ఇదంతా ఆడ మొక్క సంగతి. పోతు తాటికి గెలలు రానట్టే పోతు గంజాయికి ఈ గుత్తులు రావు. దాని పుప్పొడి సోకితే ఆడ మొక్క జిగురు మాని గింజ మీద పడుతుంది. ఈ విద్య కొత్తదేమీ కాదు. బ్రిటిష్ వారి కాలంలో, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగాఁవ్ ప్రాంతంలో ప్రభుత్వ అనుమతితో గంజాయి సాగు చేసేవారు. అక్కడ పొలాల్లో తిరిగి పోతు మొక్కలను ఏరి పీకడమే వృత్తిగా ఉన్నవారిని గంజాయి డాక్టర్లని పిలిచేవారని 1894 నాటి విచారణ సంఘం నివేదిక చెబుతోంది.

కాలం లెక్క కూడా చెప్పాలి. రాత్రి నిడివి పెరిగితే పూసే మొక్క ఇది. టొరంటోలో ఆరుబయట పెంచితే ఆగస్టులో పూత మొదలై సెప్టెంబర్ చివర, అక్టోబర్ నడుమ కోతకు వస్తుంది, అంటే దాదాపు మనం బతుకమ్మకు తంగేడు, గునుగు కోసే రోజులే. కానీ అక్కడ అప్పటికి మంచు, చలివాన మొదలవుతాయి. గుత్తి పైకి బాగానే ఉండి లోపల బూడిద రంగు బూజు పట్టడం అప్పుడే ఎక్కువ. గుత్తి మధ్యలో ఒక్క ఆకు అకారణంగా ఎండి, లాగితే ఊడివస్తే లోపల కుళ్లుందని అనుమానించాలి. అటువంటి భాగాన్ని చుట్టుపక్కల కొంత మేర కోసి పారవేయాలే గాని ఆరబెట్టి వాడకూడదు. నా మాట అడిగితే, బూజు కనిపించిన మొక్కను తేనె రంగు కోసం ఆపడం తెలివైన పని కాదు. కోశాక మిరపలా కల్లంలో ఎండకు పోయడం పనికిరాదు. చీకటిగా, గాలి ఆడే చల్లని గదిలో కొమ్మలను తలకిందులుగా వేలాడదీస్తే వారం పది రోజులకు సన్నని కాడ వంచగానే టప్పున విరుగుతుంది. మనం ఎండుమిర్చిని గలగల చప్పుడుతో గుర్తించినట్టే అది వారి గుర్తు.

ఒక్క మాట మరచిపోకుండా చెప్పండి. ఈసారి ఊరికి వచ్చేటప్పుడు పెట్టెలో ఆ ఎండు గుత్తులు గాని, దానితో చేసిన మిఠాయి గాని పెట్టుకోవద్దు. దేశం దాటించడాన్ని కెనడా చట్టమే ఒప్పుకోదు, ఇక్కడ దిగాక అది నేరుగా జైలుకు దారి.

ప్రశ్న: మా పత్తి చేను గట్టు మీద గంజాయి వంటి మొక్క దానంతట అది మొలిచి పూతకు వచ్చింది. నేను నాటలేదు. పీకి పారేస్తే సరిపోతుందా?
— ఒక రైతు, ములుగు జిల్లా

జవాబు: పూతకు వచ్చిందన్న మాటే ఇక్కడ ముఖ్యం. మన చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూసిన లేదా కాసిన కొనలే; కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. మీరు దాన్ని కోసి ఇంటికి తెస్తే చట్టం గంజాయి అనే వస్తువే మీ ఇంట్లో ఉన్నట్టు. తన భూమిలో అక్రమ సాగు జరుగుతోందని తెలిసిన భూయజమాని వెంటనే అధికారులకు తెలపాలని 46వ సెక్షన్ చెబుతుంది. మీది సాగు కాకపోయినా పోలీసులకో ఎక్సైజ్ వారికో చెప్పి, వారి ఎదుటే తీయించడం మీకు రక్షణ.

అయితే ముందు ఆకును నిదానంగా చూడండి. గోగు ఆకు గంజాయి ఆకును ఎంతగా పోలి ఉంటుందంటే దాని శాస్త్రీయ నామంలోనే ఆ పోలిక చేరింది. గంజాయి ఆకులో రంపపు అంచులున్న విడివిడి రెక్కలు కాడ చివర ఒకే బిందువు నుంచి విచ్చుకుంటాయి. గోగులో ఒకే ఆకు వేళ్లలా చీలి ఉంటుంది, కాడ మీద సన్నని ముళ్లు తగులుతాయి. లేత పసుపు రంగు పువ్వు, దాని మధ్యలో ముదురు ఎరుపు కన్ను కనిపిస్తే కబురు పోలీసు స్టేషన్‌కు కాదు, వంటింటికి పంపండి.