మా నాన్న నరకంలో ఉన్నారా?

ప్రశ్న: మా నాన్న దేవుణ్ణి నమ్మకుండానే పోయారు. ఆయన అగ్నిలో అనంతకాలం కాలుతూ ఉంటారని ఒకాయన నా ముఖం మీదే అన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. బైబిల్ నిజంగా అదే చెబుతోందా?

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. మీ నాన్నగారి సంగతి తేల్చే అధికారం మీతో ఆ మాట అన్నాయనకు లేదు, నాకూ లేదు.

యేసు నరకం గురించి మాట్లాడిన చోట గ్రీకులో ఎక్కువగా కనిపించే మాట గెహెన్నా, అంటే యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ. ఒకప్పుడు కన్నబిడ్డల్ని అగ్నిలో కాల్చి బలిచ్చిన చోటు అది, యిర్మీయా 7వ అధ్యాయం చదివితే ఒళ్లు జలదరిస్తుంది. పాత నిబంధనలోని షియోల్ వేరు, మంచివాళ్లు, చెడ్డవాళ్లు అనే తేడా లేకుండా చనిపోయినవాళ్లంతా చేరే చోటు.

మత్తయి 25:46లో నిత్యశిక్ష, నిత్యజీవము పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒకటి అంతులేనిదైతే రెండోదీ అంతేనని తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీన్ వాదించాడు, చాలా సంఘాలు ఆ దారే పట్టాయి. 4వ శతాబ్దంలోనే నీస్సా బిషప్ గ్రెగొరీ మాత్రం చివరికి అందరూ బాగుపడతారని ఆశపడ్డాడు. సెవెంత్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవాళ్లైతే శిక్ష అంటే పూర్తిగా లేకుండా పోవడమే, ఎప్పటికీ వేధించడం కాదంటారు. రోమా 6:23 కూడా పాపానికి జీతం మరణం అనే కదా అంటోంది! ప్రకటన 14:11లో వాళ్ల బాధ తాలూకు పొగ యుగయుగాలు లేస్తుందన్న మాట దీనికి గట్టి చిక్కే, అయినా నా మనసు ఇటే మొగ్గుతుంది.

ఇంకొకటి, నిత్యనరకం ఉందని బోధించే కతోలిక సంఘం కూడా ఎందరినో పునీతులుగా, అంటే పరలోకంలో ఉన్నవాళ్లుగా ప్రకటించింది గానీ, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఇంతవరకు ఎవరి పేరూ ప్రకటించలేదు.